ఎడమ చెవి సంగతి

నా ఎడమ చెవికి వినబడటం మానేసిన సంగతి కట్టుకున్నవాడికి చెప్పలేదు, కన్నతల్లికి చెప్పలేదు. ఊరికి ఆ చివరనున్న చెవి డాక్టరుకి చెప్పక తప్పలేదు కాబట్టి చెప్పాను. ఆవిడ పరీక్షలు చేసి, లోపలి నరం దెబ్బతిందనీ, కుడి చెవి మాత్రం చక్కగా ఉందనీ తేల్చింది. ఆ తర్వాత నేను కాస్త నిమ్మళంగా ఉంటే బాగుండేది. ఒక సాయంత్రం వంటింట్లో నిలబడి, పాలు కాగేలోపు, ఫోనులో రెండు సంగతులు వెతికాను. ఒక చెవికి పెట్టుకునే మిషన్లు ఎలా ఉంటాయి? ఒక చెవి పనిచేయకపోతే ఉద్యోగం తీసేస్తారా? అంతే. నా కొంప మునగడానికి అది చాలింది.

నేను పనిచేసేది లిఫ్టుల కంపెనీలో. కరెంటు పోయో, తలుపు బిగుసుకుపోయో లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు లోపలున్న ఎర్ర బటన్ నొక్కితే ఆ ఫోను మా గదిలో మోగుతుంది. మెకానిక్ వెళ్లేదాకా వాళ్లని మాటల్లో పెట్టి ఉంచాలి. కొందరు ఏడుస్తారు, కొందరు తిడతారు, ఒకాయన తన పెళ్లి చెడిపోయిన కథంతా నాకు చెప్పాడు. మేం తలకి తగిలించుకునే ఫోను ఒక్క చెవికే ఉంటుంది. అందరూ ఎడమ చెవికి పెట్టుకుంటారు, నేను కుడి చెవికి పెట్టుకుంటాను. లిఫ్టులోంచి వచ్చే గొంతు ఎంత సన్నగా ఉన్నా నాకు వినబడకుండా పోలేదు. కానీ కంపెనీ రూలు వేరే ఉంది. ఆ గదిలో కూర్చునేవాళ్లకి రెండు చెవులూ సలక్షణంగా ఉండాలి, లేకపోతే కింద విడిభాగాల గోడౌన్‌కి పంపేస్తారు. అలా వెళ్లినవాళ్లలో ఒక్కరూ మళ్లీ పైకి రాలేదు. అక్కడ అట్టపెట్టెలు సర్దుతూ, సర్దుతూ, విసుగెత్తి మానేసి వెళ్లిపోయారు. నాకు వచ్చిన విద్య భయపడ్డవాళ్లతో మాట్లాడటం ఒక్కటే. అదీ లాక్కుంటే అట్టపెట్టెలతో ఏం మాట్లాడను?

నా కుడి పక్క కుర్చీలో పెద్దాయన ఉంటారు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. ఇదివరకు ఎడమ పక్కన కూర్చునేవారు. ఏసీ గాలి మెడకి కొడుతోందని గొడవపెట్టి ఇటు మారారు. ఈయనకి రెండు చెడ్డ అలవాట్లున్నాయి. నాతో ఏ మాట చెప్పాలన్నా ముందు పెన్సిలుతో బల్ల మీద టకటకా కొడతారు. నాకు ఒళ్లు మండిపోయేది.

"గురువుగారూ, ఏదో ఒకరోజు ఆ పెన్సిలు విరిచి పారేస్తాను" అంటే, "విరిచెయ్యమ్మాయ్, నా దగ్గర ఇంకోటుంది" అనేవారు.

రెండో అలవాటు, ఎవరేం చెప్పినా "ఆఁ?" అని ఇంకోసారి చెప్పించుకోవడం. వినబడక కాదు. మొదటిసారి కోతలు కోసినవాడు కూడా రెండోసారి చెప్పేటప్పుడు కాస్త తగ్గిస్తాడని ఆయన నమ్మకం.

సరే, నా కథకి వస్తాను. మర్నాడే మొదలైంది. మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతారు. భోజనం దగ్గర కూర్చుని తన ఫోను నా మొహం మీద పెట్టారు.

"ఏమోయ్, నాకు చెవిటి మిషన్లు అమ్ముతున్నారేంటి? హారన్లు విని విని నా చెవులు పోయాయని వీళ్లకి ఎవడు చెప్పాడు?"

"ఏమో, వయసు చూసి పంపుతారేమో" అన్నాను. ఆ మాటకి ఆయన అలిగి పెరుగు కూడా వేసుకోకుండా లేచిపోయారు. ఆయన చెడ్డవాడేం కాదు. కడుపులో మాట దాగదు, అంతే. చెప్పానంటే ఆయన దగ్గర కారు నేర్చుకునే ప్రతివాడికీ గేరు మార్చేలోపు నా చెవి సంగతి తెలిసిపోతుంది.

మా మరిది కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఆదివారం ఇంటికొస్తే, 'మా ఆఫీసులో ఒకావిడ' అని మొదలుపెట్టి అడిగాను.

"ఆవిడ ఇంట్లో వైఫై ఉందా వదినా?"

"ఎవరింట్లో లేదు?"

"అదీ సంగతి. బయటవాడికి ఆ ఇల్లంతా ఒకటే గుమ్మం. లోపల వెతికింది అత్తగారా కోడలా అని వాడు తల బద్దలుకొట్టుకోడు. ఆ గుమ్మంలోంచి చెవి మిషను అడిగారు కాబట్టి ఆ ఇంట్లో ఫోన్లన్నిటికీ చూపిస్తాడు. ఎవరో ఒకరు కొనకపోతారా అని."

"ఆవిడ తన పేరు ఎక్కడా చెప్పలేదయ్యా!"

"పేరెందుకు వదినా వాడికి? వాడికి కావలసింది చెవి."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరి ఆ నల్ల కిటికీ ఒకటుంటుంది కదా, రహస్యంగా చూసుకోమని. అందులో వెతికితే?"

"ఆవిడ ఫోను వాళ్లాయన చేతికి దొరికితే ఆయనకి కనబడదు. బయటవాడికి అదేం అడ్డం కాదు. ఇంకా కుకీలని ఉంటాయి, తినేవి కాదులే. మనం చూసిన పేజీ మన ఫోనులోనే చిన్న చీటీ పెట్టి పోతుంది, మళ్లీ వెళ్తే గుర్తుపట్టడానికి. అవన్నీ తుడిచెయ్యమను."

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "ఆ ఒకావిడతో చెప్పు వదినా, మా అన్నయ్య ఇంట్లో ఉండగా మాత్రం వెతకొద్దని" అని నవ్వాడు. నేను పళ్లు నూరుకున్నాను.

తుడిచేశాను. ఒక్క చీటీ మిగల్చకుండా తుడిచేశాను. దాంతో కరెంటు బిల్లువాడు నన్ను ఎవరని అడిగాడు. బ్యాంకువాడు ఎవరని అడిగాడు. పిల్లదాని స్కూలువాళ్లు పాస్‌వర్డు చెప్పమన్నారు, మూడుసార్లు తప్పు చెబితే తలుపు వేసేశారు. నన్నెరిగినవాళ్లంతా మర్చిపోయారు గానీ, చెవి మిషన్లవాడు మాత్రం మర్చిపోలేదు. ప్రకటన మూల చిన్న గుర్తు నొక్కితే, 'ఇది ఎందుకు వద్దు?' అని మర్యాదగా అడిగాడు. మాటిమాటికీ కనబడుతోందన్నాను. కృతజ్ఞతలు చెప్పి, ఇంకో కంపెనీ మిషను చూపించాడు. ఫోను గోడకేసి కొట్టాలనిపించింది.

ఇంటి వైఫైతోనే కదా తంటా అని, మర్నాడు తిండి వేళ ఆఫీసు వైఫైలో వెతికాను: 'చెవి మిషన్ల ప్రకటనలు ఆపడం ఎలా?' ఆ ప్రశ్నలో కూడా చెవి మిషను ఉందనీ, యంత్రానికి అదొక్కటే కనబడుతుందనీ నాకు తట్టలేదు. ఇంటి గుమ్మం చాలక ఆఫీసు గుమ్మంలో కూడా నిలబడి అరిచానన్నమాట. ఇంత తెలివిగలదాన్ని నేను.

కొద్ది రోజులకే కొత్తగా వచ్చిన ఇన్‌ఛార్జి మా అందరినీ పెద్ద తెర ముందు నిలబెట్టి, లిఫ్టు తలుపుల భద్రత మీద ఒక వీడియో పెట్టారు. వీడియో కంటే ముందు ప్రకటన వచ్చింది. జుట్టు నెరిసిన ఒకావిడ చెవిలో మిషను పెట్టుకుని, పిట్ట కూత విని మురిసిపోతోంది. గదంతా గొల్లున నవ్వింది.

"నాకూ ఇవే వస్తున్నాయి" అంది చివరి కుర్చీలో అమ్మాయి. "నాకూ" అన్నాడు మరొకడు. "నాకూనూ."

ఇన్‌ఛార్జి వీడియో ఆపేశారు. "అయితే ఈ గదిలోనే ఎవరో వెతుకుతున్నారు. ఎవరో వాళ్లంతట వాళ్లు చెబితే సరే. లేకపోతే అందరికీ చెవుల పరీక్ష చేయిస్తాను."

కళ్లన్నీ పెద్దాయన మీదికి తిరిగాయి. ఆయన "ఆఁ?" అన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇన్‌ఛార్జి మళ్లీ, గట్టిగా, ఒక్కొక్క మాటే చెప్పారు.

"నేనే సార్" అన్నారు పెద్దాయన. "ఈ మధ్య సరిగా వినబడటం లేదు. అందరికీ పరీక్షలెందుకు, దండగ. నన్ను కిందికి పంపించెయ్యండి."

ఆ మధ్యాహ్నానికే ఆయన కుర్చీ ఖాళీ అయింది. నాకు ముందు హాయిగా అనిపించింది, ఆ తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది. అలా కూర్చుని ఉండగా భుజం మీద ఎవరిదో చెయ్యి పడి ఉలిక్కిపడ్డాను. ఎడమ పక్కనుండే అబ్బాయి.

"ఎన్నిసార్లు పిలవాలండీ? ఏం ఆలోచిస్తున్నారు?"

ఇదివరకు ఎప్పుడూ ఇలా జరగలేదే అనుకున్నాను. పని అయ్యాక గోడౌన్‌కి వెళ్లాను, మెట్లు దిగి. లిఫ్టుల కంపెనీలో లిఫ్టు పనిచేయదు. ఆ జోకుకి ఇప్పుడెవరూ నవ్వరు. ఆయన ట్యూబులైటు కింద స్టూలు మీద కూర్చుని, పెట్టెల మీద చీటీలు అంటిస్తున్నారు.

"మీ చెవులకేం రోగం?" అన్నాను. నా గొంతులో కోపం నాకే కొట్టొచ్చినట్టు తెలుస్తోంది.

"ఏం లేదమ్మాయ్. శుభ్రంగా ఉన్నాయి."

"మరెందుకు చెప్పారలా? నా సంగతి మీ ఫోనులో కూడా వచ్చిందా?"

"నా ఫోనా?" జేబులోంచి తీసి చూపించారు. బటన్ల ఫోను. "దీంట్లో నెట్టే లేదు. నీ సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసు. ఎడమవైపు నుంచి పిలిస్తే పలికేదానివి కాదు. మిగతావాళ్లకి తెలిస్తే బాగోదని ఏసీ వంక పెట్టి ఇటు వచ్చాను. ఫోను నీ కుడి చెవికే ఉంటుంది కదా, మాట వినబడదు. పెన్సిలు కొడితే బల్ల అదిరి తిరిగి చూసేదానివి. నిన్ను ఇంకెవరైనా పిలిచినా కొట్టేవాణ్ని."

ఆ పెన్సిలుని ఎన్ని తిట్టాను!

"ఎవరితోనైనా అన్నారా?"

"ఎందుకంటాను? అది నీ చెవి."

ఏడుపొచ్చింది, ఏడుపుతో పాటు చెడ్డ కోపం వచ్చింది. ఫోను మీద, రూలు మీద, ఈయన మంచితనం మీద కూడా. ఈయన ఇక్కడ పెట్టెలకి చీటీలంటిస్తుంటే నేను పైన దర్జాగా ఎలా కూర్చుంటాననుకున్నారు?

మర్నాడు పొద్దున్నే ఇన్‌ఛార్జి గదిలోకి వెళ్లి కూర్చున్నాను. తలుపు వేయలేదు. "ఆ మిషన్లు వెతికింది నేను సార్. పెద్దాయన కాదు" అన్నాను.

ఆయన లేచి కిటికీ దగ్గరికి నడిచి, నిలబడి ఏదో అన్నారు. పెదవులు కదలడం కనబడింది. కిటికీ నా ఎడమ పక్కనుంది. ఇన్నాళ్లూ ఇలాంటప్పుడు నవ్వి తలూపేసేదాన్ని.

"ఇటు వచ్చి చెప్పండి సార్. ఆ చెవికి వినబడదు."

బయట గదిలో మాటలు ఆగిపోయాయి. ఇన్‌ఛార్జి బల్ల చుట్టూ తిరిగి నా కుడి పక్కకి వచ్చారు.

"మరి ఆయన తనే అని ఎందుకు చెప్పినట్టు?"

"నాకోసం. ఆయన ఫోనులో నెట్టే లేదు. మీరు అడగలేదు, ప్రకటన చూసి తీర్పు చెప్పేశారు. నన్ను పరీక్షకి పంపండి, ఫోను పెట్టుకునే చెవికి పరీక్ష చేయమనండి. ముందు ఆయన్ని పైకి పిలవండి."

ఆయన టేబుల్ మీద పేపర్‌వెయిట్ అందుకుని తిప్పారు. "పరీక్ష తప్పదు. ఆ తర్వాత ఏమవుతుందో నేను మాటివ్వలేను" అన్నారు. పేపర్‌వెయిట్ పక్కన పెట్టి, "ఆయన్ని రమ్మనండి" అన్నారు.

నేను బయటికి రాగానే అందరి తలలూ కంప్యూటర్లలోకి దూరిపోయాయి. నా కుర్చీలో కూర్చుని గోడౌన్‌కి ఫోను చేశాను.

"గురువుగారూ, పైకి రండి. అంతా చెప్పేశాను. నేను ఇక్కడ ఉంటానో పోతానో తెలీదు. ఉన్నన్నాళ్లూ నా పక్కన మీరే ఉండాలి. వచ్చేటప్పుడు పెన్సిలు తెచ్చుకోండి."

"ఆఁ?" అన్నారు.

రెండోసారీ అదే చెప్పాను.