మిమీ మాట్లాడించిన పిల్ల

నేను ఒక చేతిబొమ్మను. పుట్టినప్పుడు మాత్రం బొమ్మను కాదు. యానాంలో ఫ్రెంచి నేర్పే సుభాషిణి టీచరుగారి భర్త తెల్లచొక్కాకి కుడిచెయ్యిని. చొక్కా చిరిగాక టీచరుగారు నన్ను మోచేతి దగ్గర కత్తిరించి, ఒక కొస మూసి కుట్టి, నల్లదారంతో కళ్ళు, ఎర్రదారంతో నోరు పెట్టారు. మిమీ అని పేరు కూడా పెట్టారు. అప్పుడూ నాలో చెయ్యే దూరేది, ఇప్పుడూ చెయ్యే దూరుతుంది. కాకపోతే ఈ చెయ్యికి చెప్పాల్సిన మాటలు ఎక్కువ.

మూడో తరగతి పిల్లలు నల్లబల్ల మీది ఫ్రెంచి మాటలను ముత్యాల్లా దింపుకునేవారు కానీ నోరు మాత్రం విప్పేవారు కారు. టీచరుగారి దిగులు అదే. అందుకని మొదటిరోజే వాళ్ళకి ఒక మాట చెప్పారు. మిమీ ఫ్రాన్సు నుంచి వచ్చిందనీ, దానికి తెలుగు ముక్క రాదనీ, పలకరించాలంటే దాని భాషలోనే పలకరించాలనీ. నేను గోదావరి గాలి తప్ప ఎరగనిదాన్ని. ఫ్రాన్సు ఏ దిక్కున ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. అయినా పిల్లలు నమ్మారు. పెద్దవాళ్ళు ఆడే అబద్ధాల్లో అంత మంచిదాన్ని నేను మళ్ళీ వినలేదు.

ఆ తరగతిలో నూకరత్నం అనే పిల్ల ఉండేది. చేపల వేటకు వెళ్ళే ధర్మారావు కూతురు. దానికి నత్తి. రెండో తరగతిలో పాఠం చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోతే, పిల్లలు వారం రోజులు ఆ మాటనే పట్టుకుని వెక్కిరించారట. అప్పటి నుంచి బడిలో మాట్లాడటం మానేసింది. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే.

నా దగ్గర మాత్రం అందరి సంగతీ ఒకటే. ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్లవాడు కూడా నా ముందు నిలబడి మొదటి మాటకే నీళ్ళు నమిలేవాడు. ఒకరు సగంలో ఆగితే, ఇంకొకరు తడబడి మళ్ళీ మొదటికి వచ్చేవారు. ఎవరూ ఎవరినీ చూసి నవ్వే స్థితిలో లేరు. వెనక వరసలో నూకరత్నం పెదవులు కదులుతుండటం నేను చూశాను. టీచరుగారూ చూశారు కానీ, ఏమీ అనలేదు. మూడు నెలలు అలా ఊరుకున్నారు. మనుషులకి అంత ఓపిక ఉండటం అరుదు.

ఒక ఉదయం ధర్మారావు బడికి వచ్చాడు. పిల్లని మానిపించేస్తానన్నాడు.

"దీనికి సదువు అబ్బదండి. నోరు తెరవని పిల్లకి బడెందుకండి? వాళ్ళమ్మతో రొయ్యల షెడ్డుకి పంపుతాను."

టీచరుగారు వాదించలేదు. ఈ ఒక్క క్లాసూ అయ్యేదాకా కూర్చోమని కుర్చీ వేశారు. తరవాత నన్ను తొడుక్కుని వరస వెంట నడిచారు. ఒక్కొక్కరి ముందూ ఆగి, నీ పేరేమిటని నాచేత ఫ్రెంచిలో అడిగించారు. నూకరత్నం దగ్గరికి వచ్చాం. అది తండ్రి వంక చూసింది. తరవాత నా ముఖంలోకి చూసింది.

"జ్ మపెల్ నూకరత్నం," అంది.

ఎక్కడా ఆగలేదు. ఎందుకలా వచ్చిందో నేను చెప్పలేను. ఆ మాటలు విని అంతవరకు ఎవరూ నవ్వలేదు, అందుకే కావచ్చు.

ధర్మారావు లేచి నిలబడ్డాడు. "ఏవందండి అది?"

"తన పేరు చెప్పిందండి."

ధర్మారావు వెళ్ళేటప్పుడు కూతురి తల నిమిరి, "ఇంకో ఏడు సూద్దాం లెండి," అన్నాడు.

నత్తి పోయిందని అనుకోకండి. తెలుగులో అది అలాగే ఉంది. కానీ ఆ రోజు తరవాత నూకరత్నం నత్తితోనే మాట్లాడటం మొదలుపెట్టింది. ఎవరైనా నవ్వితే, వాళ్ళ నవ్వు అయ్యేదాకా ఆగి, మిగతా మాట పూర్తిచేసేది.

పన్నెండేళ్ళు గడిచాయి. టీచరుగారు రిటైరయ్యే రోజు నూకరత్నం వచ్చింది. నర్సింగు చదువుతోందట. టీచరుగారు నన్ను బీరువాలోంచి తీసి, ఉతికి ఆరేసిన బట్టలా మడతపెట్టి, దాని చేతిలో పెట్టారు.

"నీదే, తీసుకుపో అమ్మా."

నూకరత్నం నాలో చెయ్యి దూర్చింది. ఇప్పుడది పెద్ద చెయ్యి, వెచ్చని చెయ్యి. కాసేపటికి నన్ను జాగ్రత్తగా తీసి, మళ్ళీ బీరువాలోనే పెట్టింది.

"ఇ... ఇక్కడే ఉండనివ్వండి టీచరుగారూ. మా... మాట్లాడని పిల్లలు ఇంకా వస్తారు కదండీ."

వస్తున్నారు. కొత్త టీచరమ్మ చెయ్యి చిన్నది, దానికి నేను కొంచెం వదులు. అయినా సర్దుకుపోతున్నాను.