నా చక్రాల జోలికి రావద్దు

కారుకు పెద్ద చక్రాలు వేయించి తెచ్చిన రోజే మావాడు ఒంటికాలి మీద లేచాడు.

"ఈ వయసులో నీకెందుకమ్మా ఈ సోకులు? ఇంత చిన్న కారుకి ఆ లారీ చక్రాలేంటి?"

"నాకు నచ్చాయి" అన్నాను. అంతకంటే కారణం కావాలా? వాళ్ల నాన్న ఉన్నన్నాళ్లూ ఆ కారులో నాది పక్క సీటే. ఆయన పోయాక, అరవై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు గడప దాటాలంటే ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. మావాడి కన్ను ఆ తాళంచెవి మీదే. కారు అమ్మేద్దామని చెల్లెలితో, బావతో అప్పుడే మాట్లాడేశాడు కూడా.

ఉన్నది దాచడం నాకు చేతకాదు. చక్రాలు మార్చాక స్టీరింగ్ బరువెక్కింది. సిగ్నల్ దగ్గర బండి బద్ధకంగా కదులుతోంది. చిన్న గుంటలో పడ్డా నడుం కలుక్కుమంటోంది. మలుపుల్లో మాత్రం ఒరగకుండా రోడ్డును గట్టిగా పట్టుకుని పోతోంది. ఇక అందమంటారా, ఇన్నాళ్లూ మూల నక్కి కూర్చున్న మనిషి లేచి నిలబడినట్టుంది. చూసినప్పుడల్లా నాకు గర్వం. అయితే ఏం?

"సరే, మమ్మల్ని ఎక్కించుకుని ఒక్కసారి బజారుకి తీసుకెళ్లు. ఏ తేడా వచ్చినా తాళంచెవి నాకిచ్చెయ్యాలి" అన్నాడు.

రోషం తన్నుకొచ్చింది. "ఎక్కండి" అన్నాను.

మావాడు, అమ్మాయి, అల్లుడు వెనక సీట్లో ఇరుక్కున్నారు. పక్క సీటు నా హ్యాండ్‌బ్యాగుది, అందులో ఎవరినీ కూర్చోనివ్వను. ముగ్గురూ తిండికి లోటు చేసుకోని మనుషులు. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్ నుంచి గేటు దగ్గరికొచ్చి స్పీడ్ బ్రేకర్ ఎక్కామో లేదో, వెనక చక్రం బర్రుమంది.

"విన్నావా! టైరు బాడీకి రాసుకుంటోంది!" మావాడి సంబరం అంతా ఇంతా కాదు.

"అవునత్తయ్యా, చాలా ప్రమాదం" అంటూ అల్లుడు వంత పాడాడు.

"తాళంచెవి ఇటివ్వు." వాడి చెయ్యి నా భుజం మీదుగా ముందుకొచ్చింది.

అంతలోనే, చక్రాలు బిగిస్తూ మెకానిక్ అన్న మాట గుర్తొచ్చింది. "వెనక ఎక్కువమందిని ఎక్కించకండమ్మా, బాడీ దిగి టైరుకి తగులుతుంది." ఉక్రోషంలో ఆ సంగతే మర్చిపోయాను.

బండి ఆపాను. "ముగ్గురూ దిగండి."

"ఎందుకు?"

"దిగమన్నానా!"

ముఖాలు మాడ్చుకుని దిగారు. వెనక్కి తీసి అదే స్పీడ్ బ్రేకర్ మళ్లీ ఎక్కించాను. కిక్కురుమనలేదు. ఇంకోసారి ఎక్కించాను. ఊహూఁ.

అద్దం దించాను. "చక్రాలు బాగానే ఉన్నాయిరా. తప్పంతా మీ బరువుదే."

"మరి మేం బజారుకెలా వెళ్లాలమ్మా?" అంది అమ్మాయి.

"ఒక్కొక్కరినీ తీసుకెళ్తాను. కాకపోతే నన్ను బతిమాలాలి. నేను ఇన్నేళ్లూ మిమ్మల్ని బతిమాలినట్టు."

మావాడి చెయ్యి ఇంకా చాచే ఉంది. దాని పక్కనుంచే బండి ముందుకు పోనిచ్చాను.