ఇప్పచెట్టుకు గడ్డిముడి

నర్సంపేట అవతల ఉన్న సర్కారు అడవిని ప్రైవేటు కంపెనీకి అమ్మబోతున్నారు. ముందుగా చెట్లు లెక్కించే పని నాకు పడింది. కాగితంలో ఆఖరి గడి: ‘అడవిపై ఆధారపడినవారు’. అక్కడ ‘ఎవరూ లేరు’ అని రాస్తే అమ్మకానికి అడ్డుండదని ఆఫీసరు చెప్పి పంపాడు. నాకూ అదే సుఖమనిపించింది. పట్నంలో, మట్టెవాడలోని ఒంటిగదిలో పదేళ్లుగా ఉంటున్నాను. పక్కింటివాళ్ల పేర్లు తెలియవు.

దారి చూపడానికి అడవి పక్క ఊరి నుంచి సమ్మమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. ఇంకా ఎండ రాలేదు. రాలిన ఇప్పపూలతో నేల తెల్లగా ఉంది. ఆమె గుప్పెడు గడ్డి పీకి ఒక చెట్టు కింది కొమ్మకు ముడేసింది. ముడి ఉన్న చెట్టు కింద ఆ పూట ఇంకెవరూ పూలు ఏరరట. పది అడుగులు నడిచి మరో చెట్టుకూ వేసింది. రెండూ నీవేనా అని అడిగాను. కాదట, రెండోది వాళ్ల ఊరి రూతుదట. రూతు జ్వరంతో పడుకుంది. ఆమె లేచేదాకా ఆ పూలు కూడా తానే ఏరి, ఆమె వాకిట్లో ఆరబోస్తుందట.

“చెట్టు ఎవరిది మరి?”

“సర్కారుది.”

“రేపు కంపెనీ కొంటే?”

“కొననీ సారూ. కంపెనీ పొద్దుగాల లేసి రూతుకు ముడేస్తదా?”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. కంచె వేస్తారా అని మెల్లగా అడిగింది. వేస్తారన్నాను. పూలు ఏరుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

కిందటేడు నాకు జ్వరమొచ్చినప్పుడు లోపల గొళ్లెం పెట్టుకుని మూడు రోజులు పడుకున్నాను. ఎవరూ తలుపు తట్టలేదని బాధపడ్డాను. తడితే తీసేవాణ్ణా? ఆ ప్రశ్న ఇప్పుడే ఎందుకొచ్చిందో తెలియదు.

ఆమె పక్కన కూర్చుని ఆఖరి గడి చదివి వినిపించాను. అమ్మకం ఆగుతుందని మాట ఇవ్వలేనన్నాను. అయినా పేర్లు చెప్పమన్నాను.

ముందు రూతు పేరు చెప్పింది, తర్వాత తనది. ఒక్కో చెట్టునూ తలచుకుంటూ ఇరవై దాకా చెప్పి, సారయ్య భార్య వినోద దగ్గర ఆగింది. తనకూ వినోదకూ రెండేళ్లుగా మాటల్లేవట.

“వద్దంటే రాయను,” అన్నాను.

“రాయి బిడ్డా. మాటలు లేకుంటే ఏంది, ఆమెకు చెట్టున్నది గదా.”

రాశాను. కింద ఎప్పుడూ గీసే సంతకం కాకుండా నా పేరు విడివిడి అక్షరాల్లో పెట్టాను, ఎవరైనా చదవగలిగేట్టు: హరికృష్ణ.