వెనక తలుపు మీద చెయ్యి

కారు కడగాలి. చుక్క తడి లేకుండా తుడవాలి. వ్యాక్స్ పల్చగా పట్టించాలి. ఆరనివ్వాలి. ఆరి తెల్లపొర కట్టాక మెత్తటి గుడ్డతో తుడిచి, కాసేపు దుమ్ము తగలకుండా ఉంచాలి. అప్పుడు రెండో పూత. మళ్లీ ఆరనివ్వాలి.

పళ్ల డాక్టరుగారి నల్ల కారుకి ఇందులో సగమే అయింది. మొదటి పూత ఇంకా తడిగా ఉండగానే మా వదినకు తల తిరిగింది. పడిపోకుండా వెనక ఎడమ తలుపు మీద చెయ్యి ఆనించింది. తడి పూత మీద ఎవరి వేలు పడినా ఊరుకునే మనిషి కాదు. "అయ్యో, చెయ్యి పడిందే," అని తనే నొచ్చుకుంది. అవే ఆఖరి మాటలు. ఆసుపత్రి నుంచి ఆమె చెప్పులే ఇంటికొచ్చాయి.

మా షెడ్డు ఇంటి కిందే. అన్నయ్య సొట్టలు తీసేవాడు, వదిన మెరుగు పెట్టేది. ఇంట్లో మొదటి డిగ్రీ నాది. చదివించింది వాళ్లిద్దరి చేతులే. పట్టా వచ్చిన రోజు నుంచి వదిన నన్ను పేరుతో పిలవడం మానేసింది. "ఏమ్మా డిగ్రీ, ఆ గుడ్డ ఇలా అందుకో. పట్టా ఏం చిరిగిపోదులే," అనేది. ఆరిందో లేదో చూడటానికి తలుపు అడుగున, ఎవరికీ కనపడని చోట, వేలితో ఒక గీత గీసేది. నేను దేనికి తొందరపడినా, పరీక్ష ఫలితాలకైనా, అన్నయ్య మీద కోపానికైనా, ఆమెది ఒకటే మాట: "ఆరనీ."

ఆమె పోయాక ఆ కారు ముసుగు వేసుకుని మూలన ఉండిపోయింది. తెల్లపొరలో అయిదు వేళ్లూ పడినవి పడినట్టే ఉన్నాయి. చిటికెన వేలు పక్కకి వంగి ఉంది. ఎప్పుడో బానెట్ కింద నలిగిన వేలు అది. రోజూ పొద్దున్నే అన్నయ్య ముసుగు ఎత్తి చూసేవాడు. ఒకసారి నేను టీ తీసుకెళ్లేసరికి తలుపు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. "ఆరిందా?" అని అడుగుతున్నాడు. గ్లాసు గడప మీద పెట్టి వెనక్కి వచ్చేశాను.

డాక్టరుగారు వచ్చినప్పుడల్లా, "ఇంకా ఆరలేదండీ," అనేవాడు.

"నెల దాటిందయ్యా! ఇది పూతా, ఇంటి స్లాబా? నేను పన్ను కట్టినవాళ్లు ఈపాటికి చెరుకు నమిలేస్తుంటారు."

చివరికి ఆయన నన్ను పక్కకి పిలిచారు. "మీ బాధ నాకు తెలియక కాదమ్మా. కానీ రేపు మధ్యాహ్నానికి నా కారు నాకు కావాలి. ఆ తలుపు మీద మరక ఉండకూడదు."

ఆయన తప్పేమీ లేదు. ఒప్పుకున్న పని చెయ్యాలి.

మరునాడు పొద్దున్నే కారంతా నేనే తుడిచాను. ఆ తలుపు దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. అన్నయ్య వచ్చి గుడ్డ లాక్కున్నాడు.

"నువ్వొద్దు. తప్పదంటే నేనే తుడుస్తా."

కళ్లు మూసుకుని తుడిచాడు. తెరిచేసరికి తలుపు అద్దంలా ఉంది. అందులో మేమిద్దరమే ఉన్నాం.

అన్నయ్య తలుపు దగ్గరగా వంగి గట్టిగా ఊపిరి వదిలాడు. ఆవిరి పట్టింది. ఆ ఆవిరిలోంచి ముందు అరచెయ్యి, తర్వాత వేళ్లు, అన్నిటికంటే ఆఖరున ఆ వంకర చిటికెన వేలు పైకి తేలాయి.

"ఉందే! పోలేదే!" అన్నాడు. నెల తర్వాత అన్నయ్య నవ్వడం అదే మొదటిసారి.

రెండో పూత ఇద్దరం కలిసి పట్టించాం. అది ఇంకా తడిగా ఉండగానే అన్నయ్య మళ్లీ స్పాంజి ముంచాడు. "ఇంకోటి కూడా వేసేద్దాం. మందంగా. ఎవడు తుడిచినా ఆ చెయ్యి దాకా పోకూడదు." ఆరని పూత మీద పూత వేస్తే కిందిది కరిగి కదిలిపోతుంది. ఆ సంగతి నాకంటే అన్నయ్యకే బాగా తెలుసు. అయినా చెయ్యి తలుపు దాకా వెళ్లింది.

"ఆరనీ," అన్నాను.

మాట నా నోట్లోంచే వచ్చింది. కానీ అన్నయ్య నా వైపు చూడలేదు. కారుకి అవతల, వదిన ఎప్పుడూ నిలబడే చోటుకేసి చూశాడు. అటే చూస్తూ స్పాంజి కింద పెట్టాడు.

"సరేలే," అన్నాడు. నాతో కాదు.

ఇద్దరం బయట అరుగు మీద కూర్చున్నాం. ఎండ పైకి వచ్చాక లేచి వెళ్లి చూస్తే పూత తెల్లగా కట్టింది. తలుపు అడుగున, ఎవరికీ కనపడని చోట, వేలితో గీసిన గీత ఒకటి ఉంది. నేను గీయలేదు. అన్నయ్య అప్పటిదాకా నా పక్కనుంచి లేవలేదు. ఇద్దరం గుడ్డలు తీసుకున్నాం.

డాక్టరుగారు కారు చుట్టూ తిరిగి చూసి, "ఇదీ పనంటే," అని తీసుకెళ్లిపోయారు.

చలి మొదలయ్యాక ఫోన్ చేశారు. "పొద్దున్నే మంచు పడితే వెనక తలుపు మీద ఎవరిదో చెయ్యి కనిపిస్తోందమ్మా. మా ఆవిడ కారెక్కనంటోంది."

అన్నయ్య ఫోన్ తీసుకున్నాడు. "అది మా ఆవిడదండీ."

"సరే నాయనా. తుడవనులే," అన్నారు.

ఆయన మాట తప్పలేదు. కానీ తర్వాత ఆ కారు అమ్మేశారు. అది చేతులు మారి ఎక్కడికి పోయిందో తెలియదు. చలికాలం పొద్దున్నే అన్నయ్య వీధుల వెంట తిరుగుతూ నల్ల కార్ల వెనక తలుపులు వంగి చూస్తుంటాడు. ఒకాయన దొంగనుకుని చీపురు తిరగేశాడు కూడా.

మీ వీధిలో మంచు పట్టిన నల్ల కారు ఆగి ఉంటే, వెనక ఎడమ తలుపు మీద చిటికెన వేలు వంగిన చెయ్యి కనిపిస్తే, దయచేసి తుడవకండి. ఎండ వచ్చి అదే ఆరిపోతుంది. అందాకా అక్కడ కాస్త నిలబడండి. అది మా వదినది. ఆమెను ఒక్కసారి తలుచుకోండి.