నీళ్లడిగిన మనిషి

భీమ్లా అన్నం లేకుండానైనా పడుకునేవాడు గానీ కల్లు లేకుండా పడుకునేవాడు కాదు. కేసముద్రం మార్కెట్ యార్డులో హమాలీ. పొద్దంతా మక్కల బస్తాలు మోస్తే సాయంత్రానికి నడుము తనది కాకుండా పోయేది. తండాకు వచ్చే దారిలోనే కల్లు దుకాణం. అక్కడ సీసా ఎత్తితే తప్ప కన్ను మూతపడేది కాదు.

అది మందు కల్లు. ఈతచెట్టుతో గానీ తాటిచెట్టుతో గానీ దానికి పెద్ద చుట్టరికం లేదు. నీళ్లు, చక్కెర, మత్తు కోసం ఏదో పొడి. తాగేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. తెలిసి తాగడానికి సిగ్గులేదా అని ఊరి పెద్దమనుషులు అనేవాళ్లు. ఆ పెద్దమనుషుల్లో ఒక్కడు కూడా ఏనాడూ బస్తా ఎత్తి చూడలేదు.

ఒకనాడు జీపులు వచ్చాయి. దుకాణానికి తాళం పడింది, సీల్ పడింది, యజమానిని ఎక్కించుకుపోయారు. అమ్మినా తాగినా కేసేనని ఆటోకు మైకు కట్టి తండాలన్నీ తిరిగారు. మత్తు ఒక్కసారిగా ఆగిపోతే ఆ మనుషులకు ఏమవుతుందో, వాళ్లు ఎక్కడికి పోవాలో మాత్రం ఆ మైకు చెప్పలేదు.

ఆ సాయంత్రమే తండా నాయక్ హర్యా అందరినీ సేవాలాల్ గుడి ముందు కూర్చోబెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. వెనక గుడుంబా సారా కేసుల్లో తండా పిల్లలను పట్టుకుపోయినప్పుడు, వాళ్ల వెంట కోర్టుల చుట్టూ తిరిగి చెప్పులరగదీసుకున్నవాడు. మళ్లీ అదే జరుగుతుందన్న భయమే ఆయనతో మాట్లాడించింది.

"ఎవరడిగినా మన తండాల ఆ కల్లు ముట్టినోళ్లు లేరు. గదే మాట. మాట తప్పినోళ్ల ఇంట్ల మనం నిప్పు ముట్టం, నీళ్లు తాగం."

అందరూ తలూపారు. భీమ్లా భార్య రుక్కి కూడా ఊపింది. తాగుడు బందయితే మంచిదేగా అనుకుంది పిచ్చిది.

ఆ రాత్రి భీమ్లా నిద్రపోలేదు. తర్వాతి రాత్రీ పోలేదు. చెమటలు పోశాయి, చేతిలో చాయ్ గ్లాసు నిలవలేదు. ఆపైన యార్డులో పట్టపగలు, బస్తా మీద చీమలు పారుతున్నాయని దులపడం మొదలుపెట్టాడు. చీమలేమీ లేవు. తోటి హమాలీలు నవ్వుతుండగానే కొయ్యలా బిగుసుకుని కింద పడ్డాడు. నోట్లోంచి నురగ వచ్చింది.

నాయక్ కొడుకు కల్యాణ్ ఆటో తెచ్చాడు. మనిషి మంచివాడే, ఆపదకు ముందుంటాడు. రుక్కినీ భీమ్లానూ ఎక్కించుకుని సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టర్ అర్షియా చిన్న వయసుది, ఆ వార్డుకంతా ఆమె ఒక్కతే. నాడి చూసింది, కళ్లలోకి టార్చి వేసింది. "ఇంతకు ముందు ఎప్పుడన్నా ఫిట్స్ వచ్చినయా?"

"లేదమ్మా."

"కల్లు అలవాటుందా?"

రుక్కి నోరు తెరిచింది. తలుపు దగ్గర ఒక పోలీసు నిలబడి ఉన్నాడు. ఏదో యాక్సిడెంట్ కేసు మీద వచ్చినవాడు, వీళ్లతో అతనికి పనే లేదు. కానీ ఆ సంగతి రుక్కికి ఎవరు చెప్తారు? ఆమెకు టోపీ కనిపించింది, మైకు గుర్తొచ్చింది. వెనక కల్యాణ్ గొంతు సవరించుకున్నాడు.

"లేదమ్మా. ముట్టడు."

"నిజం చెప్పమ్మా. నేనిచ్చే మందు దాన్నిబట్టే ఉంటది."

"బిడ్డల మీద ఒట్టు."

అప్పుడే భీమ్లా కళ్లు తెరిచి రుక్కి కొంగు పట్టుకున్నాడు. లంబాడీ మాటల్లో బతిమాలాడు. ఒక్క సీసా తెమ్మన్నాడు, సీసా కాకపోతే సగమైనా తెమ్మన్నాడు, ఒళ్లంతా చీమలు తింటున్నాయన్నాడు. పెళ్లయిననాటి నుంచీ భీమ్లా అంత దీనంగా ఆమెను ఏదీ అడిగి ఎరగడు.

డాక్టరుకు ఆ భాష రాదు. "ఏమంటుండు?"

"నీళ్లడుగుతుండు" అంది రుక్కి.

నర్సు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. భీమ్లా ఆ గ్లాసు వైపు చూశాడు, తర్వాత భార్య వైపు చూశాడు. మళ్లీ ఏమీ అడగలేదు.

మెదడువాపు కావచ్చునని అనుమానపడి, దానికి వైద్యం మొదలుపెట్టి, మరునాడు వరంగల్‌కు పంపించారు. దారిలో ఫిట్స్ ఒకదాని మీద ఒకటి వచ్చాయి. వరంగల్ చేరేసరికి అంబులెన్సులో రుక్కి పట్టుకున్న చెయ్యి చల్లబడి ఉంది.

శవంతో తిరిగి వస్తూ కాగితాల కోసం ఆ దవాఖాన దగ్గరే ఆగారు. కల్యాణ్ వాటి కోసం లోపలికి పోయాడు. అర్షియా వరండాలోకి వచ్చి రుక్కి పక్కన బల్ల మీద కూర్చుంది. "పక్క ఊరోళ్లు ఇద్దరు గిట్లనే వచ్చిండ్రు పొద్దున. కల్లు ఆగిపోయిందని చెప్పిండ్రు, బతికిండ్రు. మీ ఆయన గూడ తాగేటోడే కదా?"

రుక్కి తల దించుకుంది.

"దీనికి మందుంది. ఒక్కసారే ఆపొద్దు. మేమే మందిచ్చి, రోజింత తగ్గించుకుంట పోతం. ఇది రోగమమ్మా. నేను రోగమే చూస్త. కేసులు నా పని కాదు."

రుక్కికి ఆమె మీద పడి జుట్టు పట్టుకోవాలనిపించింది. ఈ మాట నిన్న అనకూడదా? అడిగేముందు ఆ టోపీని బయటికి పంపకూడదా? కానీ అబద్ధమాడింది డాక్టరు కాదు. ఆ కోపం తిరిగి తిరిగి తన మీదికే వచ్చింది.

మూడో రోజు కర్మకు తండా అంతా వచ్చింది. హర్యా నాయక్ గోడకానుకుని కూర్చుని చేతులు దుప్పటి కింద దాచుకున్నాడు. అటక మీద దాచిన సీసాలతో ఆయన ఇన్నాళ్లు నెట్టుకొచ్చాడు. అవి కూడా అయిపోయాయి. విస్తరి ముందు వేసేసరికి దుప్పటి జారింది, చేతులు గడగడ వణికాయి. విస్తరి మీదే బోర్లా పడ్డాడు.

కల్యాణ్ తండ్రిని ఎత్తి ఆటోలో వేశాడు. రుక్కి ఎవరూ పిలవకుండానే ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకొదినె? కర్మ ఇల్లు ఇడిచిపెట్టి రావద్దు."

"నడుపు."

అదే వార్డు, అదే మంచాల వరస. అర్షియా అదే ప్రశ్న అడిగింది. కల్యాణ్ తలుపు వైపు చూశాడు. అక్కడ ఈసారి ఇంకో పోలీసు, ఇంకేదో పని మీద.

"మా బాపు ముట్టడు మేడం."

హర్యా కళ్లు సగం తెరిచాడు. నోటి తుంపర్లతో లంబాడీలో ఏదో గొణిగాడు. అర్షియా వంగింది.

"ఏమంటుండు?"

కల్యాణ్ ముందుకు జరిగాడు. "నీళ్లు మేడం. నీళ్లడుగుతుండు."

నర్సు గ్లాసు అందుకుంది. రుక్కి ఆ గ్లాసును చేత్తో ఆపింది.

"నీళ్లు కాదు. కల్లు సీసా అడుగుతుండు. రోజూ తాగుతడు. మా తండాల సగంమంది తాగుతరు. రాసుకునెటోళ్లుంటే రాసుకోండ్రి." చివరి మాట తలుపు వైపు తిరిగి అంది.

అర్షియా లేచి పోలీసును బయటికి పంపి తలుపు మూసింది. నర్సుకు సూది మందు పేరు చెప్పింది. మందు ఎక్కాక హర్యా చేతులు మెల్లగా నెమ్మదించాయి.

"మాట తప్పినవొదినె" అన్నాడు కల్యాణ్ నేల చూస్తూ. "రేపటిసంది నీ ఇంట్ల ఎవరు నీళ్లు తాగుతరు?"

"తాగకుంటే తాగకుండ్రి." రుక్కి అతని వైపు తిరిగింది. "నా మొగడు గూడ ఆనాడు నీళ్లడగలే కల్యాణ్. నువ్వు నా ఎనకనే ఉన్నవు. నీకు గూడ ఇనబడ్డది."