కాపీ అయ్యేదాకా

ప్రతి సోమవారం లిస్వాని హార్డ్ డిస్కు పట్టుకుని మా ఇంటికొస్తాడు. ఇంటర్నెట్ సరిగా అందని మా కమగ్వే ఊరంతా వారం పొడుగునా చూసే సీరియళ్ళు, సినిమాలు, పాటలు అందులోనే ఉంటాయి. దాన్ని మా కంప్యూటరుకి తగిలించి, నా భార్య నెరెయిదా ఎంచుకున్నవి ఎక్కేదాకా కూర్చుంటాడు. ఎక్కాయంటే ఇక ఆగడు, ఇంకా ఇళ్ళు తిరగాలి. కానీ ఎక్కడానికి గంట పైనే పడుతుంది. ఆ గంట నా ప్రాణం తీస్తుంది.

కూర్చునేది నా ఊగుడు కుర్చీలో. రేషన్‌లో వచ్చే బఠాణీలు కలిపిన కాఫీ నాకు పోసి, దాచుకున్న అసలు పొడితో వాడికి కాస్తుంది నెరెయిదా. చెవులకు పెద్ద రింగులు కూడా ఆవిడకి సోమవారమే గుర్తొస్తాయి. నేను సైకిల్ రిక్షా తొక్కుతాను. సోమవారం మాత్రం ఏదో సాకు చెప్పి గుమ్మంలోనే గొలుసుకి నూనె వేస్తూ కూర్చుంటాను. గొలుసు నూనెలో ఈదుతోంది.

"ఆ టర్కీ సీరియల్ పిల్ల చివరికి డాక్టర్నే చేసుకుంటుందా?" అని అడిగింది నెరెయిదా ఒకసారి.

"ఇప్పుడే చెప్పేస్తే వచ్చేవారం నాకు కాఫీ ఎవరిస్తారు వదినా?"

పకపకా నవ్వింది. నా మాటకి అలా నవ్వి ఎన్నేళ్ళయిందో. నాకు ఒళ్ళు మండింది.

"ఏరా, నీ డిస్కు ముసలిదైందా? నత్తలా పాకుతోంది," అన్నాను.

"డిస్కు కుర్రదే ఎలిసియో అన్నా. మీ వైరే ముసలిది."

ఆవిడ మళ్ళీ నవ్వింది.

మర్నాడే ఫోన్లు బాగుచేసేవాడి దగ్గరికి పోయి, తొందరగా ఎక్కించే, నీలం మూతి ఉన్న కొత్త వైరు కొన్నాను. తర్వాతి సోమవారం నా చేత్తోనే తగిలించాను. లిస్వాని చక్కెర కలుపుకుంటుండగానే కాపీ అయిపోయింది. కాఫీ సగంలో వదిలేసి, డిస్కు సంచిలో వేసుకుని వెళ్ళాడు. ఆ రోజంతా ఈల వేసుకుంటూ రిక్షా తొక్కాను. అప్పట్నుంచి సోమవారాలు కూడా ధైర్యంగా పనిలోకి పోయాను.

ఈ సోమవారం గొలుసు తెగి మధ్యాహ్నమే ఇల్లు చేరాను. లిస్వాని నా కుర్చీలో ఊగుతున్నాడు. నెరెయిదా చెవుల రింగులూ ఊగుతున్నాయి. కంప్యూటరుకి పాత నల్ల వైరు తగిలించి ఉంది. నా కొత్త వైరు టీవీ వెనక, చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది.

వాడు అటు వెళ్ళగానే అడిగాను.

"వైరెవరు మార్చారు?"

"నేనే," అంది, ఏమాత్రం తడుముకోకుండా.

"సీరియళ్ళు తొందరగా ఎక్కితే నీకేం నొప్పి?"

"ఆ గంటసేపైనా ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషొకడు ఉంటాడు."

"నేను మనిషిని కానా?"

"అన్ని సోమవారాలు గుమ్మంలో కూర్చున్నావు. గొలుసుతో తప్ప నాతో ఏమన్నా పనిపడిందా నీకు?"

కప్పులు తీసుకుని వంటింట్లోకి పోయింది. నా కుర్చీ ఖాళీగానే ఉంది, కానీ కూర్చోబుద్ధి కాలేదు. కాసేపు తచ్చాడి, వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను.

"ఇంతకీ ఆ టర్కీ పిల్ల డాక్టర్నే చేసుకుందా?"

ఆవిడ కప్పు కడుగుతూనే ఉంది, వెనక్కి తిరగలేదు.

"సోమవారం లిస్వాని వస్తాడుగా, వాణ్ణడుగు."