మంగళవారం పది గంటలకు

మంచం మీద మనిషి ఉండగా దుప్పటి మార్చడం ఇద్దరి పని. నాలుగేళ్ళుగా నేనొక్కదాన్నే చేస్తున్నాను. అత్తగారిని గోడ వైపు ఒత్తిగిలించి, పాత దుప్పటి ఆవిడ వీపు దాకా చుట్టి, కొత్తది పరిచి, మళ్ళీ ఇటు తిప్పాలి. ఆ రోజు సగం తిప్పేసరికి నడుం పట్టేసింది. తలుపు తీసే ఉంది కాబోలు, ఎదురింటావిడ లోపలికి వచ్చి, ఏమీ అడక్కుండా మంచానికి అటువైపు నిలబడింది.

"నువ్వు భుజం పట్టు, నేను తుంటి పడతా" అంది. రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఆవిడ ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మా మెట్ల మీద అందరూ కండక్టరమ్మ అనే అంటారు. ఎదురింట్లోకి వచ్చి అప్పటికి మూడు వారాలే.

"గడప దాటి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది.

"మొన్ననేగా మందులకి వెళ్ళొచ్చాను."

"మందులకి కాదు. ఊరికే."

నేను పాత దుప్పటి తీసి బకెట్లో వేశాను.

"మంగళవారం, శుక్రవారం పది నుంచి పదకొండు దాకా నేనిక్కడ కూర్చుంటాను. నువ్వు బయటికి పో."

అవసరమైతే చెబుతాలెండి అన్నాను, మర్యాదకి.

"చెప్పవు. మా ఆయన మంచాన పడ్డప్పుడు ఏం కావాలన్నా చెప్పమని నలభై మంది అన్నారు. ఒక్కరికీ నోరు తెరిచి చెప్పలేకపోయాను. అడిగే పని కూడా మన నెత్తినే పెట్టి పోతారమ్మా జనం. అందుకే నేను టైము చెప్తున్నా."

నిజమే. మా ఆడపడుచు ఫోన్ చేసినప్పుడల్లా "ఏమన్నా కావాలంటే మొహమాటపడకు వదినా" అంటుంది. మా ఆయనైతే ఎవరు పలకరించినా ఒకటే మాట: "మా ఆవిడ ఇంట్లో ఖాళీగానే ఉంటుంది కదా, చూసుకుంటుంది." పదకొండేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినదాన్ని నేను. అత్తగారికి పక్షవాతం వచ్చిన వారమే ఆ ఉద్యోగం మానేశాను. మాన్పించారని ఎవరూ అనరు, నేనూ అనలేదు. కొమ్ము పోయినా పొల్లు పోయినా ఇట్టే పట్టుకునే నా కళ్ళు 'ఖాళీ' అన్న మాటలో తప్పు పట్టుకోలేకపోయాయి.

మంగళవారం పదికి ఒక్క నిమిషం ముందు బెల్లు మోగింది. చెప్పులేసుకుని రోడ్డెక్కాను గానీ ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. ఎవరో తరుముతున్నట్టు వీధి చివరి దాకా నడిచి, ఇరవై నిమిషాలకే తిరిగొచ్చాను. ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది.

"ఇంకా నలభై నిమిషాలుంది. టిక్కెట్టు కొని మధ్యలో దిగిపోతావా?"

లోపల అత్తగారు సగం సగం మాటలతో "అది... ఎక్కడికి పోయింది?" అంటోంది. "గాలికి పోయిందమ్మా, వస్తుంది" అంది ఈవిడ. ఆ మాటకి మా అత్తగారు నవ్వడం విన్నాను. నాతో నవ్వి ఎన్నాళ్ళయిందో. మెట్ల మీద కూర్చుని, మిగిలిన నలభై నిమిషాలూ ఏడ్చానో, ఊరికే ఉన్నానో నాకే గుర్తులేదు.

తర్వాత్తర్వాత తెలిసింది, ఆవిడ నాకొక్కదానికే చెయ్యడం లేదని. పై అంతస్తులో పచ్చి బాలింత స్నానం చేసి వచ్చేదాకా, రోజూ నాలుగు గంటలకి బిడ్డనెత్తుకుంటుంది. చూపు ఆనని ముసలాయనకి వచ్చిన ఉత్తరాలు బుధవారం చదివి పెడుతుంది. ఎవరింటి సంగతీ ఇంకొకరింట్లో మాట్లాడదు. సరిగ్గా టైముకి వస్తుంది, టైముకి లేస్తుంది. మంచివాళ్ళంటే మెత్తగా, తీయగా మాట్లాడేవాళ్ళనుకునేదాన్ని. ఈవిడ గొంతు మాత్రం బస్సు చివరి సీటు దాకా వినిపించే గొంతే.

ఆరో వారానికి నా కాళ్ళు వాటంతటవే ప్రెస్సు వైపు నడిచాయి. యజమానురాలు నన్ను చూసి కుర్చీ లాగింది. "ఆదివారం పొద్దున దిద్దడానికి మనిషి లేక చస్తున్నాం. రాగలవా?" అంది. ఆలోచించి చెబుతానన్నాను.

ఆ శుక్రవారం మా ఆయనకి సెలవు. ఆయన బజారుకి వెళ్ళి, అనుకున్నదానికన్నా ముందే ఇంటికొచ్చేసరికి, కండక్టరమ్మ మా అత్తగారికి చెంచాతో నీళ్ళు పడుతోంది. వారానికి రెండు గంటలు వస్తున్నానని ఆవిడే చెప్పింది. నేను తిరిగొచ్చి ఆవిడ వెళ్ళేదాకా ఇబ్బందిగా అటూ ఇటూ తిరిగాడు. ఆవిడ అటు వెళ్ళగానే మొదలుపెట్టాడు.

"పరాయి మనిషి చేత చేయించుకోవడం బాగుందా? పాపం, వారానికి రెండు గంటలు. ఆవిడకి ఎంత శ్రమ."

రెండు గంటలు, శ్రమ. ఈ రెండు మాటలూ కలిపి ఆయన నోట వినడం అదే మొదటిసారి. వారంలో మిగిలిన నూట అరవై ఆరు గంటలకి ఆయన దగ్గర ఏ పేరూ లేదు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత అచ్చుతప్పు కళ్ళకి కనబడినట్టు, తేలిగ్గా అనిపించింది.

"మీరన్నది నిజమే. శ్రమే" అన్నాను. "ఆదివారం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ప్రెస్సుకి వెళ్తున్నాను. అత్తయ్య దగ్గర మీరుంటారు."

ఆయన మంచం వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"నాకు చేతకాదు కదా" అన్నాడు.

"నాలుగేళ్ళ క్రితం నాకూ చేతనయ్యేది కాదు" అన్నాను.